వైస్ అడ్మిరల్ హాన్సన్ మీద పడిన నింద గురించి స్టార్‌ఫ్లీట్ అధిష్ఠానానికి బహిరంగ లేఖ

శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టార్‌ఫ్లీట్ అధిష్ఠానానికి,

ఆర్యులారా,

మీకు తపాలా చిరునామా లేదనీ, మీ అంతరిక్ష నౌకలూ మీ హోదాలూ ‘స్టార్ ట్రెక్’ అనే టెలివిజన్ ధారావాహిక కోసం పుట్టినవేననీ నాకు తెలుసు. అయినా, ఆ కథ ప్రసారమై ముప్పై ఏళ్ళు దాటినా, వుల్ఫ్ 359 యుద్ధం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా తప్పెవరిదన్న ప్రశ్నకు రెండే పేర్లు వినిపిస్తున్నాయి, ఆ రెండింటిలోనూ మీ పేరు లేదు కాబట్టి ఈ లేఖ మీకే రాయవలసివచ్చింది.

సంగతి తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. మీ లెక్క ప్రకారం 2367వ సంవత్సరంలో, భూమికి దాదాపు 8 కాంతి సంవత్సరాల దూరాన సింహరాశిలో ఉన్న వుల్ఫ్ 359 అనే ఎర్ర మరుగుజ్జు నక్షత్రం దగ్గర, 40 స్టార్‌ఫ్లీట్ నౌకలు, బోర్గ్ అనే సగం మనిషి, సగం యంత్రమైన శత్రుజాతికి చెందిన ఒకే ఒక్క నౌకకు అడ్డం నిలిచాయి. (నక్షత్రం మాత్రం కల్పన కాదు, నిజంగానే ఉంది, కానీ ఎంత మసకదంటే డాబా ఎక్కి రాత్రంతా వెదికినా కంటికి ఆనదు.) 39 నౌకలు నాశనమయ్యాయి, దాదాపు 11,000 మంది చనిపోయారు. ఆ దళాన్ని నడిపిన వైస్ అడ్మిరల్ జె.పి. హాన్సన్ తిరిగిరాలేదు. అంతకు ముందే బోర్గ్‌కు చిక్కిన ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ జాన్ లూక్ పికార్డ్‌ను వాళ్ళు ఒంట్లో యంత్రాలు దించి, లొక్యూటస్ అని పేరు పెట్టి, తమ గొంతుగా వాడుకున్నారు. బతికి బయటపడ్డాడు గనుక పికార్డ్‌నూ, లేచివచ్చి బదులు చెప్పలేడు గనుక హాన్సన్‌నూ జనం పట్టుకున్నారు. తెర మీద మీ అధికారులే పికార్డ్‌ను నిలదీశారు. తెర బయట ప్రేక్షకులు హాన్సన్‌ను సేనాపతిగా పనికిరానివాడని తేల్చేశారు.

కర్ణుడి చావుకు కారణాలు అనేకమని మన పెద్దలు అన్నది ఊరికే కాదు. ఓడిన యుద్ధానికి కారణాలు లెక్కపెట్టేటప్పుడు రణరంగం నుంచి మొదలుపెడితే లెక్క ఎప్పుడూ తప్పుతుంది. నేను మాత్రం అంతకు ముందు గడిచిన ఏడాది నుంచి మొదలుపెడతాను.

బోర్గ్ అనే శత్రువు మీకు హఠాత్తుగా ఎదురైనది కాదు. అంతకు ముందే ఎంటర్‌ప్రైజ్ 7,000 కాంతి సంవత్సరాల అవతలికి విసిరివేయబడినట్టు వెళ్ళి, జె-25 అనే వ్యవస్థలో ఆ ఘనాకారపు నౌకను కళ్ళారా చూసివచ్చింది. ఆ ఒక్క భేటీలో 18 మంది సిబ్బంది పోయారు. తాము వేసిన దెబ్బకు శత్రువు కాసేపు చలించి, అదే దెబ్బ రెండోసారి వేసేసరికి దానికి అలవాటుపడిపోవడం ఎంటర్‌ప్రైజ్‌లోని వాళ్ళు గమనించారు. ఇక వీళ్ళు మనల్ని వెతుక్కుంటూ వస్తారని కూడా గ్రహించారు. అంటే శత్రువెవరో, వాడి పద్ధతేమిటో, వాడి రాక ఖాయమని మీకు తెలుసు. తెలియనిదల్లా తేదీ ఒక్కటే.

ఆ తర్వాత జురే 4 గ్రహం మీద న్యూ ప్రావిడెన్స్ అనే వలస ఊరు, 900 మంది జనంతో సహా, నేలలోంచి పెళ్ళగించినట్టు మాయమైంది. ఊరు ఉండవలసిన చోట గొయ్యి మిగిలింది. అప్పుడు హాన్సన్ ఎంటర్‌ప్రైజ్‌కు వచ్చి, పికార్డ్‌తో ఏకాంతంగా మాట్లాడుతూ, వాళ్ళు వస్తారని మనకు ఏడాది పైగా తెలుసు, ఉన్న వనరులన్నీ ఇందులోనే పెట్టాం, అయినా ఆయుధాలన్నీ ఇంకా నమూనా గీతల దశలోనే ఉన్నాయి, పనికొచ్చేదేదైనా చేతికి రావాలంటే ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుందని, బోర్గ్‌ను ఎదుర్కొనే సన్నాహాలు చూస్తున్న అధికారి షెల్బీ అంచనా అని దాచకుండా ఒప్పుకున్నారు. నిజానికి మనం సిద్ధంగా లేమని కూడా అన్నారు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా భయం కలిగించిన ఘట్టం ఇదే. ఫిరంగులు లేవు, మంటలు లేవు. ఇద్దరు పాత స్నేహితులు ఒక గదిలో కూర్చుని ఉన్నారు, వారిలో ఒకరు కొద్ది రోజుల్లో తాను నడపబోయే యుద్ధానికి సామాను లేదని ముందే చెబుతున్నారు. ఓడిపోయాక వెతుక్కున్న సాకు కాదది.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పుకోనివ్వండి. నేను చాలా ఏళ్ళు ఒక కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. ఒక వేసవిలో ఒక పల్లెలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పదిహేను రోజులు కరెంటు లేకపోతే, జనం రోడ్డెక్కారు, పైనుంచి ఫోన్లు వచ్చాయి, సాయంత్రానికల్లా ఆ ఊరి లైన్‌మన్‌కు చార్జి మెమో తయారైంది. దాన్ని టైపు చేసింది నేనే. అదే బీరువాలో, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద మోయలేనంత లోడు పడుతోందనీ మార్చకపోతే కాలిపోతుందనీ ఆ లైన్‌మన్ చెప్పగా పంపిన మూడు ఇండెంట్లు ఉన్నాయి. మూడింటి మీదా ఎర్ర సిరాతో ‘పరిశీలించవలసినది’ అని రాసి పొట్టి సంతకం పెట్టి ఉంది. మెమోకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మన్నాం. ఆ సంతకం పెట్టినాయన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. హాన్సన్‌ను ఎవరైనా తిట్టిన ప్రతిసారీ నాకు ఆ ఎర్ర సిరా గుర్తుకొస్తుంది.

హాన్సన్ మీద ఉన్న అభియోగాల్లో కొన్ని నిలవవు. దళాన్ని ఒక్కుమ్మడిగా దూకించకుండా రెండూ మూడుగా పంపి చంపుకున్నాడంటారు. ఆ 40 నౌకల్లో ఒకటైన సారటోగా నియంత్రణ గదిలో ఒక అధికారి, హాన్సన్ గేజ్, క్యూషు, మెల్‌బోర్న్ నౌకలను ముందుకు పంపారని చెప్పడం మనం విన్నది నిజమే. కానీ ఆ యుద్ధంలో మనకు చూపించింది కొన్ని నిమిషాలే, అదీ ఒక నౌక కిటికీలోంచి. ఆ మూడూ ముందు పోరును తమ మీదికి తీసుకుని వెనకవాళ్ళకు అదను చూపించడానికి వెళ్ళాయో, చావడానికే వెళ్ళాయో ఆ కొన్ని నిమిషాలను బట్టి తీర్పు చెప్పగలిగినవారు నాకన్నా తెలివైనవారు. ఇక దారిలో ఎదురొడ్డడమే తప్పు, భూమి దగ్గర కాచుకోవలసిందన్న వాదన ఉంది. దానికి జవాబు బోర్గ్ నౌక సౌరకుటుంబంలోకి వచ్చినప్పుడే దొరికింది; అంగారకుడి దగ్గర ఎదురువచ్చిన రక్షణ నౌకలు దానికి దారిలో దోమల్లాగా కూడా అడ్డం కాలేదు.

నిలిచే అభియోగం ఒకటి ఉంది. దాన్ని నేను దాటవేయను.

పికార్డ్ జ్ఞానమూ అనుభవమూ ఇప్పుడు తమలో భాగమని లొక్యూటస్ స్వయంగా ప్రకటించాడు. ఎంటర్‌ప్రైజ్ వాళ్ళు ప్రాణాలొడ్డి తయారుచేసిన కొత్త ఆయుధం బోర్గ్ మీద గీత కూడా వేయలేకపోయింది. దాని గురించి పికార్డ్‌కు ముందే తెలుసు కాబట్టి బోర్గ్‌కూ తెలుసు. ఈ సంగతులతో ఎంటర్‌ప్రైజ్‌లో పికార్డ్ తర్వాతి అధికారి రైకర్ పంపిన నివేదికను హాన్సన్ చదివారు. చదివి కూడా, పికార్డ్ బోర్గ్‌కు సాయపడతాడన్న మాటను ఆయన మనసు ఒప్పుకోలేదు. అప్పుడు ఆయన చెప్పింది యుద్ధతంత్రం కాదు, ఒక జ్ఞాపకం. డానులా 2 మీద అకాడమీ పరుగు పందెం, 40 కిలోమీటర్లు. ఆఖరి గుట్ట ఎక్కేటప్పుడు, మొదటి ఏడాది చదువుతున్న ఒక కుర్రవాడు, తనకన్నా పైతరగతులవాళ్ళను నలుగురిని దాటిపోవడం ఆయన కళ్ళారా చూశారు. మొదటి ఏడాదిలో ఆ పందెం గెలిచినవాడు అంతకుముందూ తర్వాతా మరొకరు లేరు. ఆ కుర్రవాణ్ణి వెతికి పరిచయం చేసుకున్నారు, ఆ తర్వాత బాగా దగ్గరయ్యారు. అంతటి పట్టుదల, ధైర్యం ఉన్న మనిషిని తాను మరొకరిని చూడలేదనీ, అటువంటివాడు శత్రువుకు సాయపడే ప్రసక్తే లేదనీ, తన దృష్టిలో పికార్డ్ యుద్ధంలో నేలకొరిగినవాడేననీ చెప్పి, రైకర్‌కు కెప్టెన్ హోదా ఇచ్చి ఎంటర్‌ప్రైజ్‌ను అప్పగించారు.

ఆ మాటల్లో తప్పు ఎక్కడుందో చూడండి. పికార్డ్ ద్రోహి కాదన్నది అక్షరాలా సత్యం. కానీ మనిషి గుణం ఎటువంటిదన్నది ఒక ప్రశ్న, ఆ మనిషి బుర్రలో ఉన్న రహస్యాలు ఎవరి చేతికి పోయాయన్నది మరో ప్రశ్న. ఇంటి తాళంచెవి దొంగ చేతికి పోతే, దాన్ని పోగొట్టుకున్న కొడుకు ఎంత మంచివాడో అని తండ్రి గుమ్మంలో కూర్చుని చెప్పుకుంటే లాభం లేదు, ముందు తాళం మార్చాలి. హాన్సన్ స్నేహితుడిగా సరిగ్గా మాట్లాడి, సేనాపతిగా తప్పు చేశారు. ఇది ఆయన ఖాతాలోనే రాయండి, నాకు అభ్యంతరం లేదు.

అయితే తాళం మార్చవలసింది ఆయన ఒక్కరేనా? మీ ప్రధాన నౌక కెప్టెన్ శత్రువు చేతికి చిక్కాడన్న వార్త శాన్‌ఫ్రాన్సిస్కోకు చేరిన రోజున, ఆయనకు తెలిసిన సంకేతాలూ వ్యూహాలూ రక్షణ పద్ధతులూ అన్నీ చెల్లవని మీ కార్యాలయం నుంచి ఒక్క ఉత్తరువు వెళ్ళినట్టు మాకు ఎక్కడా కనిపించలేదు. 40 నౌకలను వరసపెట్టడానికి పరుగులు తీస్తున్న మనిషికి దుఃఖం అడ్డొచ్చి ఉండవచ్చు. అంత పెద్ద కార్యాలయానికి ఏ దుఃఖం అడ్డొచ్చింది?

ఇంకొక సంగతి ఉంది, దీన్ని విమర్శకులు ఎందుకో తేలిగ్గా దాటేస్తారు. సారటోగా యుద్ధనౌక కాదు, కాపురాలున్న నౌక. దానిలో కెప్టెన్ తర్వాతి అధికారి (ఫస్ట్ ఆఫీసర్) బెంజమిన్ సిస్కో భార్య జెన్నిఫర్, చిన్న కొడుకు జేక్ ఆ నౌకలోనే ఉన్నారు. దెబ్బ తగిలాక సిస్కో పొగలో తడుముకుంటూ తమ గదికి పరుగెత్తాడు. కూలిన దూలాల కింద భార్య కనిపించింది. కొడుకును బయటికి పంపించి, ఆమె చనిపోయిందని చెప్పినా వినకుండా అక్కడే కూర్చుండిపోతే, తోటి అధికారి ఆయన్ను బలవంతంగా ఈడ్చుకుపోవలసి వచ్చింది. ప్రాణరక్షక నౌక కిటికీలోంచి సారటోగా పేలిపోవడం ఆ తండ్రీ కొడుకులు చూశారు. పిల్లలను ఎక్కించుకుని గెలవలేని యుద్ధానికి వెళ్ళే ఏర్పాటు హాన్సన్ చేసింది కాదు. నౌకల్లో కుటుంబాలు ఉండవచ్చన్నది మీరు పెట్టుకున్న విధానం. మార్గమధ్యంలో వాళ్ళను ఏదో ఒక స్థావరంలో దించి రమ్మనడానికి ఒక్క వాక్యం చాలేది. ఆ 11,000 మందిలో ఎందరు యూనిఫాం లేనివారో మీ పుస్తకాల్లో ఉండే ఉంటుంది. బయటపెట్టండి.

మూడేళ్ళ తర్వాత సిస్కో పికార్డ్ ఎదుట నిలబడి, మనం ఇదివరకే యుద్ధంలో కలిశామని మంచుగడ్డలాంటి గొంతుతో అన్నప్పుడు, ఆ కోపాన్ని నేను తప్పుపట్టలేను. పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడికి ఎదురుగా ఒక ముఖం కావాలి, లొక్యూటస్ ముఖం పికార్డ్‌దే. కానీ మీ అడ్మిరల్ నోరా సాటీకి ఆ మినహాయింపు లేదు. ద్రోహులను పట్టుకుంటానని విచారణ మొదలుపెట్టి, చివరికి పికార్డ్‌నే బోనులో నిలబెట్టి, 39 నౌకలు, 11,000 ప్రాణాలు, ఇంతమందిని చంపి మీకు రాత్రులు నిద్రెలా పడుతోందని నిండు సభలో అడిగారు. ఆ మనిషి అప్పటికే ఫ్రాన్సులోని సొంత ఊరికి పోయి, ద్రాక్షతోట బురదలో అన్నతో కలబడి, వాళ్ళను ఆపలేకపోయాను, నా బలం చాలలేదు అని చిన్నపిల్లవాడిలా ఏడ్చి వచ్చినవాడు. నిద్ర గురించి ఆయన్నే అడిగారు. ఆయుధాలు నమూనా గీతల దశలోనే ఎందుకు ఉండిపోయాయని మాత్రం ఆ సభలో ఎవరినీ అడగలేదు.

ఇదంతా కథే కదా అనేవారుంటారు. కథకు ముందు చరిత్ర ఉంది. 1756లో బ్రిటిష్ నౌకాదళం అడ్మిరల్ జాన్ బింగ్‌ను మధ్యధరా సముద్రంలోని మినోర్కా దీవిని కాపాడమని పది యుద్ధనౌకలిచ్చి పంపింది. నౌకలకు మరమ్మతులు సరిగా లేవు, మనుషులు చాలలేదు, బయలుదేరడమే ఆలస్యం. మే 20న ఫ్రెంచి దళంతో జరిగిన పోరు తేలలేదు; బింగ్ జిబ్రాల్టర్‌కు వెనుదిరిగారు, దీవి పోయింది. లండన్‌లో మంత్రివర్గం మీదికి రావలసిన జనాగ్రహం ఆయన మీదికి మళ్ళింది. సైనిక న్యాయస్థానం ఆయన పిరికివాడు కాదని తేల్చి చెబుతూనే, శక్తివంచన లేకుండా పోరాడలేదన్న నేరానికి చట్టంలో మరణశిక్ష తప్ప మరొకటి లేదని అదే విధించి, క్షమించమని తామే సిఫారసు చేసింది. రాజు రెండో జార్జి వినలేదు. 1757 మార్చి 14న పోర్ట్స్‌మత్ దగ్గర మోనార్క్ అనే ఓడ డెక్కు మీద ఒక దిండు వేశారు. బింగ్ దాని మీద మోకరిల్లి, తుపాకులు పేల్చడానికి గుర్తుగా తన చేతిరుమాలు తానే జారవిడిచారు. వంశీకులు క్షమాభిక్ష కోరితే 2007లో కూడా ఆ దేశపు రక్షణశాఖ కాదన్నది.

అమెరికన్లు దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత చేసింది అంతకన్నా గొప్పగా లేదు. 1945 జూలై 30న ఇండియానాపోలిస్ అనే యుద్ధనౌకను జపాన్ జలాంతర్గామి ముంచింది. దాదాపు 1,200 మందిలో 316 మందే మిగిలారు. నౌక రాలేదన్న సంగతే పట్టించుకోకపోవడంతో చాలామంది రోజుల తరబడి సముద్రంలో తేలుతూ చనిపోయారు. నౌకను వంకర టింకరగా నడపలేదన్న నేరం మీద కెప్టెన్ మెక్‌వేను శిక్షించారు. ఆ నౌకను ముంచిన జపాన్ కమాండర్ హషిమోటోనే పిలిపించి సాక్ష్యం అడిగితే, ఎలా నడిపినా నేను ముంచగలిగేవాడినే అని అర్థం వచ్చేలా చెప్పాడు. అయినా శిక్ష పడింది. మెక్‌వే 1968లో ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన నిర్దోషి అని అమెరికన్ కాంగ్రెస్ 2000లో తీర్మానించింది. సముద్రంలో మూడు నాలుగు రోజులపాటు ఎవరూ వెదకని ఆ మనుషుల లెక్క ఏ కార్యాలయంలో తప్పిందన్నదానికి మాత్రం ఎవరి మీదా ఆ స్థాయిలో విచారణ జరగలేదు.

మీరు వీళ్ళకన్నా నాలుగు శతాబ్దాలు ముందున్నవారు, డబ్బునూ ఆకలినీ జయించామని చెప్పుకునేవారు. అందుకే అడుగుతున్నాను. వుల్ఫ్ 359 తర్వాత దళాన్ని తిరిగి నిర్మించే బాధ్యత షెల్బీకి అప్పగిస్తే, ఏడాదిలోపే నౌకలన్నీ సిద్ధమవుతాయని ఆమె చెప్పింది. బోర్గ్‌తో పోరాడటం కోసమే డిఫయంట్ అనే నౌకను తయారుచేశారు, ఆ పనిలో భార్యను పోగొట్టుకున్న సిస్కో కూడా చెయ్యి వేశాడు. ఆ నౌకకు లోపాలు లేకపోలేదు. ఎక్కువ బలం పెట్టి అది తనను తానే చీల్చుకోబోతే కొన్నాళ్ళు మూలన పడేశారు కూడా. కానీ తయారైంది. 11,000 మంది చనిపోయాక దొరికిన మనుషులూ, వనరులూ, తొందరా, 18 మంది చనిపోయినప్పుడు ఎందుకు దొరకలేదో చెప్పండి. ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన పదహారో రోజున కొత్తది వచ్చింది. అదే లారీలో, అదే స్టోరు నుంచి.

కనుక నా కోరిక ఇది. వుల్ఫ్ 359 మీద మీ దగ్గర ఉన్న విచారణ పత్రాలను జె-25 నాటి నుంచి మొదలుపెట్టి తిరగరాయండి. షెల్బీ ఇచ్చిన ఏడాదిన్నర, రెండేళ్ళ అంచనా ఎవరి బల్ల మీద ఎన్నాళ్ళు ఉందో అందులో చేర్చండి. స్నేహితుడి మీది నమ్మకంతో హాన్సన్ చేసిన తప్పును ఆయన పేరు మీదే ఉంచండి, దానితోపాటు ఆయన ఆఖరి సందేశాన్ని కూడా జతపరచండి. వెనక మంటలు లేస్తుండగా, పోరు మనకు అనుకూలంగా లేదనీ, వెనక్కి తగ్గి మిగిలిన నౌకలను కూడగట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నామనీ చెప్పి, ఎంటర్‌ప్రైజ్‌ను దళంతో కలవమంటూ, ఎక్కడ కలవాలో చెప్పబోయేలోగా తెర మీద చుక్కలు మిగిలాయి. ఆ సంగతి మీకు అందిన సమయం, ఆ సమయానికి మీ గదిలో ఎవరెవరు ఉన్నారో కూడా నమోదు చేయమని మనవి.

ఇట్లు,
భవదీయుడు,
పదవీ విరమణ చేసిన ఒక గుమాస్తా